పేలుడు పదార్థాలతో పాడైన నేలను బ్యాక్టీరియాతో బాగుచేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను విశాఖపట్నంలో డిగ్రీ విద్యార్థులకు మైక్రోబయాలజీ చెబుతాను. నేల కాలుష్యం గురించి కాలేజీల్లో మాట్లాడినా, అనకాపల్లి వైపు క్వారీ గ్రామాల్లో మాట్లాడినా చివర్లో లేచే చేతులు దాదాపు ఒకే ప్రశ్నలు అడుగుతాయి. ఫోనులోనూ అవే వస్తాయి. అందుకే జవాబులన్నీ ఒకచోట పెట్టాను. ఎవరికి ఏ సందేహం ఉంటే అక్కడి నుంచి చదువుకోవచ్చు. విశాఖలో ఫలానా స్థలం పాడైందని ఇక్కడ ఎక్కడా చెప్పడం లేదు. విషయం అర్థం కావడానికి మన ఊరి నేల, మన వాన, మన పేడకుప్పలను ఉదాహరణగా తీసుకున్నాను.

## అసలు సమస్య ఏమిటి

పేలుడు పదార్థం పేలితే మాయమైపోతుంది కదా, నేలలో మిగిలేది ఏమిటి?

పూర్తిగా పేలితే నిజంగానే దాదాపు ఏమీ మిగలదు. చిక్కంతా పేలనిదానితోనూ, సగం పేలినదానితోనూ వస్తుంది. షెల్ (ఫిరంగి గుండు) సరిగా పేలకుండా పగిలితే లోపలి సరుకు పొడిగానూ, గులకరాళ్లంత గడ్డలుగానూ చుట్టూ చెదిరిపోతుంది. అంతకంటే పెద్ద కారణం ఆయుధ కర్మాగారాలు, డిపోలు. టీఎన్‌టీ అనే పేలుడు పదార్థం సుమారు 80 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది. అందుకే దాన్ని ఆవిరి వేడితో కరిగించి షెల్లలో పోసేవారు, కాలం చెల్లిన షెల్లలోంచి వేడినీళ్లతో కడిగి తీసేవారు. ఆ కడుగునీళ్లను మట్టి గుంటల్లోకి వదిలేవారు. నీరు ఇంకిపోయింది, సరుకు నేలలో ఉండిపోయింది. ప్రపంచంలో బాగా పాడైన నేలల్లో చాలావాటి కథ ఇదే.

ఇందులో ఏయే పదార్థాలు ఉంటాయి?

ఎక్కువగా వినిపించేవి మూడు: టీఎన్‌టీ, ఆర్‌డీఎక్స్, హెచ్‌ఎంఎక్స్. టీఎన్‌టీని 1863లో జర్మనీలో జూలియస్ విల్‌బ్రాండ్ తొలిసారి తయారు చేశాడు. అప్పట్లో దాన్ని పసుపు రంగు అద్దకంగానే చూశారు. ఆర్‌డీఎక్స్ 1898 నాటిది, రెండో ప్రపంచ యుద్ధంలో పెద్ద ఎత్తున వాడారు. నేలలో ఇవి ఒకేలా ప్రవర్తించవు. టీఎన్‌టీ బంకమట్టిని, నేలలోని సేంద్రియ పదార్థాన్ని పట్టుకుని ఉంటుంది. ఆర్‌డీఎక్స్ నీటిలో టీఎన్‌టీ అంత కూడా కరగదు, కానీ మట్టిని పట్టుకోదు. అందుకే వాన నీటితో పాటు కిందికి దిగి బావి నీళ్లదాకా పోతుంది. భూగర్భ జలం విషయంలో ఎక్కువ భయపడవలసింది ఆర్‌డీఎక్స్‌కే.

అలాంటి మట్టి తవ్వితే పేలుతుందా?

మట్టి బరువులో పేలుడు పదార్థం 10 శాతం కంటే తక్కువ ఉంటే పేలుడు వ్యాపించదన్నది అమెరికా సైన్యం పాటించే హద్దు. కలుషిత నేలల్లో చాలావాటిలో ఉండేది దానికన్నా ఎంతో తక్కువ. అయితే సగటు అంకె చూసి ధైర్యపడకూడదు. ఒక మూల గడ్డగా పేరుకున్న ముక్క ఉంటే అక్కడ ఆ హద్దు వర్తించదు. పార పెట్టే ముందు నిపుణులు స్థలమంతా వెతికి తీరాలి.

విశాఖలో ఉండేవాళ్లం మాకెందుకు ఇదంతా?

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఆనాటి పేలని బాంబును ఇప్పటికీ చూడవచ్చు. తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న ఊరు మనది. రేవులో అమ్మోనియం నైట్రేట్ దిగుతుంది. చుట్టుపక్కల కొండలను క్వారీలు తొలుస్తున్నాయి. ఇన్ని రకాలుగా పేలుడు పదార్థాలతో ముడిపడిన నగరంలో, అవి నేలలో ఏమవుతాయో తెలిసినవాళ్లు నలుగురైనా ఉండాలని నా కోరిక. ఉద్యోగం కోసం చదివే పిల్లలకు కూడా ఇది పనికొచ్చే విద్యే.

మా ఊరి క్వారీలో పేల్చేదీ టీఎన్‌టీయేనా?

ఇప్పటి క్వారీల్లో వాడేవి ప్రధానంగా అమ్మోనియం నైట్రేట్ ఆధారంగా చేసిన మందులు. కాబట్టి అక్కడ నేలకు, నీటికి వచ్చే బెడద వేరు. ఒలికిన మందు, తడి రంధ్రాల్లో పేలకుండా మిగిలిన మందు వానకు కరిగి నైట్రేట్‌గా ఊటల్లోకి, బావుల్లోకి చేరుతుంది. తాగునీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని భారత ప్రమాణం. దాటిన నీళ్లతో పాలు కలిపి పడితే పసికందుల రక్తం ఆక్సిజన్‌ను మోయలేక ఒళ్లు నీలంగా మారే ప్రమాదం ఉంది. మరిగిస్తే నైట్రేట్ పోదు, నీరు ఇగిరిన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఈ మాట క్వారీ గ్రామాల్లో ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. తల్లులు పసిపిల్లల కోసం నీళ్లు మరింత జాగ్రత్తగా, మరింత సేపు కాస్తుంటారు.

నైట్రేట్‌ను విరగ్గొట్టడం బ్యాక్టీరియాకు బాగా అలవాటైన పని. గాలి ఆడని చోట, తినడానికి కార్బన్ దొరికితే, అవి దాన్ని నైట్రోజన్ వాయువుగా మార్చి గాలిలోకి పంపేస్తాయి.

టీఎన్‌టీ, ఆర్‌డీఎక్స్ ఒంటికి ఏం చేస్తాయి?

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ మందుగుండు ఫ్యాక్టరీల్లో పనిచేసిన ఆడవాళ్ల చర్మం, జుట్టు పసుపు పచ్చగా మారిపోయేవి. జనం వాళ్లను ‘కెనరీ’ పిట్టలని పిలిచారు. కొందరు కామెర్లతో చనిపోయారు. టీఎన్‌టీ కాలేయాన్ని, రక్తాన్ని దెబ్బతీస్తుంది. క్యాన్సర్ కారకం కావచ్చని అమెరికా పర్యావరణ సంస్థ వర్గీకరించింది. తాగునీటిలో జీవితకాలమంతా తాగినా పరవాలేదని ఆ సంస్థ సూచించిన టీఎన్‌టీ పరిమాణం లీటరుకు 2 మైక్రోగ్రాములు మాత్రమే. ఆర్‌డీఎక్స్ నాడీ వ్యవస్థ మీద పనిచేస్తుంది, ఎక్కువ మోతాదులో ఒంట్లోకి పోతే మూర్ఛలు వస్తాయి.

## నేలను పరీక్షించేటప్పుడు

పునాది తవ్వుతుంటే పాత షెల్ లాంటిది కనిపించింది. కాస్త మట్టి తీసి మీకు పంపమంటారా?

వద్దు. ముట్టుకోకండి, నీళ్లు పోయకండి, ఫొటో కోసం దగ్గరికి వెళ్లకండి. అందరినీ దూరం పంపి 112కు ఫోను చేయండి. బాంబు నిర్వీర్య బృందం వచ్చి తీసేదాకా అక్కడ శాస్త్రవేత్తకు గానీ బ్యాక్టీరియాకు గానీ పని లేదు.

ఒక గుప్పెడు మట్టి పరీక్షకు ఇస్తే చాలదా?

పొలంలో ఎరువు కోసం చేసే మట్టి పరీక్షకే నాలుగైదు చోట్ల తీసి కలుపుతాం. ఇక్కడ అది కూడా చాలదు. టీఎన్‌టీ నేలలో ఉప్పులా సమంగా కలిసి ఉండదు, పోపులో ఆవాల్లా అక్కడక్కడా ఉంటుంది. ఒక అడుగు పక్కకు జరిగితే అంకె వంద రెట్లు మారవచ్చు. అందుకని స్థలాన్ని గడులుగా విడగొట్టి, ఒక్కో గడిలో కనీసం 30 చోట్ల కొద్దికొద్దిగా తీసి, ఆరబెట్టి, మెత్తగా నూరి, బాగా కలిపి అప్పుడు కొలుస్తారు. నమూనా తీయడంలో తప్పు జరిగితే తర్వాత ఎంత ఖరీదైన యంత్రంతో కొలిచినా ఆ తప్పే పెద్దదై కనిపిస్తుంది. శుద్ధి పనుల్లో డబ్బు వృథా అయ్యేది మొట్టమొదట ఇక్కడే.

రంగు చూసి తెలుసుకోవచ్చా?

కొంతవరకు. టీఎన్‌టీ కలిసిన నీటికి ఎండ తగిలితే గులాబి రంగు వస్తుంది, తర్వాత ఎరుపెక్కుతుంది. స్థలంలోనే చేసే రంగు పరీక్ష కూడా ఉంది. మట్టిని ఎసిటోన్‌లో కలిపి, తేటను వడకట్టి, క్షారం చుక్కలు వేస్తారు. టీఎన్‌టీ ఉంటే ద్రవం చూస్తుండగానే సున్నం తగిలిన పసుపులా ఎర్రబారుతుంది. ఎక్కడ తవ్వాలో తేల్చుకోవడానికి ఇది చాలు. పని ముగిసిందని సంతకం పెట్టడానికి మాత్రం ప్రయోగశాలలో ద్రవ క్రొమటోగ్రఫీ చేయించాలి. అది టీఎన్‌టీని, దాని నుంచి పుట్టిన పదార్థాలను విడివిడిగా చూపిస్తుంది.

## బ్యాక్టీరియా చేసే పని

బ్యాక్టీరియా టీఎన్‌టీని తినేస్తుందా?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే, ఎక్కువ తప్పు జవాబులు తిరుగుతున్నదీ దీనికే. తినేస్తుందనడం సరికాదు. టీఎన్‌టీ బ్యాక్టీరియాకు కొరకరాని కొయ్య. ఎందుకో చెబుతాను.

టీఎన్‌టీ మధ్యలో ఆరు కార్బన్ల వలయం ఉంటుంది. దాని చుట్టూ మూడు నైట్రో సమూహాలు (ఒక నైట్రోజన్, రెండు ఆక్సిజన్ల జట్లు) కాపలా కాస్తున్నట్టు కూర్చుంటాయి. పెట్రోలు, డీజిల్ లాంటి కాలుష్యాన్ని బ్యాక్టీరియా ఆక్సిజన్‌తో పొడిచి విరగ్గొడుతుంది. ఆ పోటు దిగాలంటే వలయంలో ఎలక్ట్రాన్లు ఉండాలి. మూడు నైట్రో సమూహాలు వాటిని తమవైపు లాగేసుకుంటాయి కాబట్టి ఆక్సిజన్‌కు అక్కడ పట్టు దొరకదు. కాబట్టి బ్యాక్టీరియా ఎదురు దారి పడుతుంది. ఎలక్ట్రాన్లను తానే ఇస్తుంది. అలా ఇచ్చిన కొద్దీ నైట్రో సమూహం మెట్టు మెట్టుగా దిగి, ఆక్సిజన్ పోయి హైడ్రోజన్ చేరిన అమీనో సమూహంగా మారుతుంది. ముందు ఒకటి, ఆపైన రెండోది. ఆక్సిజన్ బొత్తిగా లేని చోట మూడోది కూడా మారుతుంది.

ఈ దారి మధ్యలో హైడ్రాక్సిలమీనో అనే మెట్టు ఉంది. అది ఊరికే ఉండలేని పదార్థం, దొరికిన సేంద్రియ పదార్థాన్ని అంటుకుపోతుంది. అమీనో రూపాలు కూడా నేలలోని హ్యూమస్‌తో, అంటే కుళ్లి నల్లబడిన సేంద్రియ పదార్థంతో, రసాయన బంధం కలుపుకుంటాయి. అంటే టీఎన్‌టీలో ఎక్కువ భాగం కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలిసిపోదు. రూపం మారి, గోడకు కొట్టిన సున్నంలా నేలకు అతుక్కుపోతుంది. అప్పు విషయంలో ఆ సామెత బాధగా చెబుతాం గానీ, ఇక్కడ మనకు కావలసింది అదే. తిరిగి రాకూడదు. తిరిగి రాకుండా అతికించడమే టీఎన్‌టీ శుద్ధిలో అసలు పనితనం.

మరి ఆర్‌డీఎక్స్ కూడా అంతేనా?

కాదు, ఇక్కడ వార్త మంచిది. ఆర్‌డీఎక్స్ వలయం ఒకసారి నైట్రో సమూహాన్ని పోగొట్టుకుంటే దానంతట అదే కూలిపోతుంది. నైట్రైట్, ఫార్మాల్డిహైడ్, నైట్రస్ ఆక్సైడ్ లాంటి చిన్న ముక్కలుగా చెదురుతుంది. కొన్ని బ్యాక్టీరియాలు ఆ నైట్రోజన్‌ను ఆహారంగా వాడుకుని పెరుగుతాయి. రోడోకాకస్ రోడోక్రస్ 11వై అనేది పేరున్న ఉదాహరణ. అందులో ఆర్‌డీఎక్స్‌ను విరగ్గొట్టే ఎక్స్‌పీఎల్‌ఏ ఎంజైమును ఇంగ్లండ్‌లో శాస్త్రవేత్త నీల్ బ్రూస్ బృందం వెలికితీసింది. నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచే సంగతి ఒకటుంది. ఆర్‌డీఎక్స్ మనిషి చేసిన పదార్థం, నేలలోకి పెద్ద మొత్తంలో చేరి నూరేళ్లు కూడా కాలేదు. అంతలోనే దాన్ని విరగ్గొట్టే జన్యువు ఉన్న బ్యాక్టీరియాలు వేరు వేరు దేశాల మందుగుండు నేలల్లో దొరుకుతున్నాయి.

మార్కెట్లో దొరికే బ్యాక్టీరియా పొడి చల్లితే సరిపోతుందా?

చాలా చోట్ల అవసరమే ఉండదు. నైట్రో సమూహాలను మార్చగల ఎంజైములు ఎన్నో మామూలు నేల బ్యాక్టీరియాల్లో, పేడలోని బ్యాక్టీరియాల్లో ముందే ఉన్నాయి. క్లాస్ట్రిడియం, సూడోమోనాస్, ఎంటెరోబాక్టర్ జాతులు అందులోవే. లోటు ఉండేది బ్యాక్టీరియాకు కాదు, వాటి తిండికి, తేమకు. బయటి నుంచి తెచ్చి చల్లినవి కొత్త నేలలో పాతకాపులతో పోటీ పడలేక కొద్ది రోజుల్లో తగ్గిపోతాయి. అమ్మేవాళ్లు అడిగితే చెప్పండి: ముందు తిండి పెట్టి చూస్తాం, చాలకపోతే అప్పుడు మీ పొడి.

అంత విషంలో బ్యాక్టీరియాయే చచ్చిపోదా?

కిలో మట్టిలో టీఎన్‌టీ వేల మిల్లీగ్రాములకు చేరితే చాలా రకాలు నిజంగానే చస్తాయి లేదా ముడుచుకుంటాయి. అందుకే గట్టిగా పాడైన మట్టిని తిన్నగా వాడకుండా పేడ, గడ్డి, పొట్టు కలిపి పలచన చేస్తారు. గడ్డలను ముందే ఏరేస్తారు.

ఇది నిజంగా ఎక్కడైనా చేసి చూపించారా?

చేశారు. అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో ఉమటిల్లా అనే ఆయుధ డిపో ఉంది. అక్కడ షెల్లను కడిగిన నీళ్లు రెండు గుంటల్లోకి వదిలేవారు. 1990లలో ఆ మట్టిని తవ్వి పొడవాటి కంపోస్టు వరుసలుగా పేర్చారు. పాళ్లు వింటే మన రైతుల ముఖాన నవ్వు వస్తుంది: నూటికి 30 పాళ్లు కలుషిత మట్టి, మిగతాది పశువుల పేడ, లూసర్న్ అనే పశుగ్రాసం, రంపపు పొట్టు, బంగాళాదుంప వ్యర్థం, కొద్దిగా కోళ్ల ఎరువు. ముందు చేసిన ప్రయోగంలో 40 రోజుల్లో కిలోకు టీఎన్‌టీ సుమారు 1,560 మిల్లీగ్రాముల నుంచి 4కు, ఆర్‌డీఎక్స్ 950 నుంచి 2కు, హెచ్‌ఎంఎక్స్ 156 నుంచి 5కు తగ్గాయి. ఆ తర్వాతే మొత్తం మట్టికి ఆ పద్ధతి ఖాయం చేశారు.

ఇలాంటి అంకెలు ఎవరు చూపించినా ఒక ప్రశ్న అడగండి: మొదటి అంకె పేడ కలపక ముందుదా, కలిపాకదా? కలపడం వల్లే సాంద్రత పడిపోతుంది కాబట్టి, కలిపిన రోజు అంకె నుంచే లెక్క మొదలు కావాలి.

## పని జరిగేటప్పుడు

జీవామృతం పోస్తే చాలదా?

ప్రకృతి సేద్యం చేసే రైతులు తప్పకుండా అడిగే ప్రశ్న. అడగడంలో న్యాయం ఉంది. పేడ, బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు మట్టి కలిపిన ద్రావణం అంటే బ్యాక్టీరియా, వాటి తిండి రెండూ ఉన్నట్టే. సూత్రం ఒకటే. తేడా మోతాదులో, హద్దుల్లో ఉంది. ఎకరానికి కొన్ని వందల లీటర్లు చల్లితే వచ్చే కార్బన్, నేలలోని ఆక్సిజన్‌ను ఖర్చు చేయించి టీఎన్‌టీని చివరి మెట్టుదాకా దింపడానికి ఎంతమాత్రం చాలదు. పైగా కట్టడి లేకుండా తడిపితే ఆర్‌డీఎక్స్ కిందికి జారుతుంది. అడుగున నీరు దిగని పరుపు, పైన కప్పు, రోజూ కొలత ఉన్న చోట మాత్రం మన బెల్లం, పేడ విలువైన సరుకే. అమెరికాలో ఇల్లినాయిస్‌లోని జోలియట్ కర్మాగారపు మట్టిని ట్యాంకుల్లో బురదగా కలిపి, చెరకు మడ్డి పోసి శుద్ధి చేసి చూశారు. అనకాపల్లి బెల్లం మార్కెట్, చుట్టూ చెరకు తోటలు ఉన్న ప్రాంతానికి ఆ ముడిసరుకు కొత్త కాదు.

కంపోస్టు కుప్ప వేడెక్కితే ప్రమాదం కాదా?

చోడవరం దగ్గర ఒక రైతు పెరట్లో డిసెంబరు ఉదయం పేడకుప్పను పారతో చీల్చినప్పుడు చూశాను. లోపలి నుంచి ఆవిరి లేచింది. చేయి పెట్టబోతే ఆయన వారించి, ఇనుప చువ్వ గుచ్చి, నిమిషం ఆగి తీసి నా చేతికి ఇచ్చారు. పట్టుకోలేకపోయాను. లోపల 55 డిగ్రీల ప్రాంతం ఉండి ఉంటుంది. అదంతా బ్యాక్టీరియా ఊపిరి వేడి. శుద్ధి కుప్పల్లోనూ అంతే వేడి వస్తుంది. టీఎన్‌టీ పేలడానికి కావలసిన పరిస్థితికి అది చాలా దూరం. సాంద్రత ముందే తగ్గించి ఉంటారు, తేమ సగందాకా ఉంటుంది. వేడి వల్ల మేలే. గడ్డల్లో ఇరుక్కున్న పదార్థం త్వరగా కరిగి బ్యాక్టీరియాకు అందుతుంది. కుప్పను తిరగేసిన కాసేపటికే లోపల మళ్లీ ఆక్సిజన్ అయిపోతుంది. ఆ గాలి ఆడే సమయం, ఆడని సమయం మార్చి మార్చి రావడమే టీఎన్‌టీని మార్చి, అతికించి పెడుతుంది.

మన ఎర్రమట్టిలో ఇది పనిచేస్తుందా?

భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు చూసినవారికి మన నేల స్వభావం తెలుసు: ఇసుక పాలు ఎక్కువ, ఇనుము ఎక్కువ, సేంద్రియ పదార్థం తక్కువ. ఇందులో మంచీ ఉంది, చెడూ ఉంది. సేంద్రియ పదార్థం తక్కువ కాబట్టి టీఎన్‌టీ అతుక్కోవడానికి చోటు తక్కువ. బయటి నుంచి పేడ, గడ్డి ఎక్కువే కలపాలి. ఇసుక పాలు ఎక్కువైతే ఆర్‌డీఎక్స్ తొందరగా కిందికి దిగుతుంది.

ఇనుము మాత్రం మన పక్షానే. దమ్ము చేసిన వరిమడిలో ఎర్రమట్టి కొద్ది వారాల్లో బూడిద రంగుకు తిరగడం రైతులందరికీ తెలుసు. గాలి ఆడని చోట బ్యాక్టీరియా తన ఎలక్ట్రాన్లను ఇనుముకు అప్పగించడం వల్ల వచ్చే మార్పు అది. అలా మారిన ఇనుము ఆ ఎలక్ట్రాన్లను టీఎన్‌టీకి, ఆర్‌డీఎక్స్‌కు అందించగలదు. మన వాతావరణం వల్ల ఇంకో లాభం: చలిదేశాల్లో శీతాకాలమంతా ఆగిపోయే పని ఇక్కడ ఏడాదంతా సాగుతుంది.

వానలు, తుపాన్లు వస్తే ఏమవుతుంది?

నేను అన్నిటికంటే భయపడేది దీనికే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు గట్టి రేకుల కప్పులే కాగితాల్లా లేచిపోయాయి. టార్పాలిన్ కప్పిన కుప్ప ఏపాటి? కుప్పలోంచి కారిన నీళ్లు గెడ్డలోకి, అక్కడి నుంచి సముద్రంలోకి పోతే శుద్ధి కాస్తా కొత్త కాలుష్యం అవుతుంది. మన తీరంలో ఈ పని చేస్తే మట్టి తవ్వడం, కుప్ప వేయడం జనవరి నుంచి మే లోపు ముగిసేలా చూసుకోవాలి. చుట్టూ గట్టు, కారిన నీటిని పట్టే తొట్టి, దిట్టమైన షెడ్డు లేకుండా మొదలే పెట్టకూడదు.

ఎన్నాళ్లు పడుతుంది?

తవ్వి కుప్ప వేస్తే వారాల నుంచి రెండు మూడు నెలలు. ట్యాంకులో బురదగా తిప్పితే దాదాపు అంతే. తవ్వకుండా నేలలోకే తిండి పంపితే ఏళ్లు.

అంత తతంగం ఎందుకు, కాల్చేస్తే పోదా?

కొలిమిలో కాల్చితే పోతుంది, వేగంగా పోతుంది. సాంద్రత బాగా ఎక్కువగా ఉన్న గడ్డలకు అదే సరైన దారి కూడా. కానీ ఇంధనం ఖర్చు, పొగ శుద్ధి ఖర్చు ఎక్కువ. పైగా బయటికి వచ్చేది ప్రాణం లేని బూడిద మట్టి, అందులో గడ్డి కూడా సులువుగా మొలవదు. కంపోస్టు నుంచి వచ్చేది మొక్క పట్టే మట్టి. ఆరుబయట కుప్పగా పోసి నిప్పు పెట్టడం మాత్రం శుద్ధి కాదు, కాలుష్యాన్ని గాలికి పంచడం.

మొక్కలు నాటితే శుభ్రం కాదా?

వేసవిలో నీళ్లు చల్లి కట్టుకునే తడికెల వట్టివేరు టీఎన్‌టీని వేళ్లతో పీల్చుకోగలదని ప్రయోగాలు చూపించాయి. ఆర్‌డీఎక్స్‌ను మొక్కలు ఆకులదాకా తీసుకుపోతాయి గానీ విరగ్గొట్టలేవు. ఆ ఆకు రాలితే మళ్లీ నేలకే. ఈ లోటు తీర్చడానికి బ్యాక్టీరియాలోని ఎక్స్‌పీఎల్‌ఏ జన్యువును స్విచ్‌గ్రాస్ అనే గడ్డిలో పెట్టి, న్యూయార్క్ రాష్ట్రంలోని ఫోర్ట్ డ్రమ్‌లో పొలంలోనే పరీక్షించారు. 2021లో వెలువడిన ఫలితాల ప్రకారం ఆ గడ్డి ఆర్‌డీఎక్స్‌ను పీల్చుకోవడమే కాదు, విరగ్గొట్టింది కూడా. మన దేశంలో జన్యుమార్పిడి చేసిన మొక్కను గానీ బ్యాక్టీరియాను గానీ ఆరుబయట వదలాలంటే 1989 నియమాల కింద కేంద్ర కమిటీ అనుమతి కావాలి. ఆ అనుమతి లేకుండా ఎవరైనా ‘సూపర్ బ్యాక్టీరియా’ అమ్మజూపితే కొనకండి.

## పని ముగిశాక

టీఎన్‌టీ సున్నా అని రిపోర్టు వచ్చింది. నేల శుభ్రమైనట్టేనా?

ఇంకా కాదు. టీఎన్‌టీ కనబడకపోవడం అంటే రూపం మారిందని మాత్రమే. అమీనో రూపాలు ఎంత ఉన్నాయి? నీటితో కడిగితే ఎంత బయటికి వస్తోంది? ఆ మట్టిలో వానపాములు బతుకుతున్నాయా? విత్తనం మొలుస్తోందా? ఈ నాలుగు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు ఉండాలి. నెల తర్వాత ఒకసారి, ఒక వానాకాలం గడిచాక ఒకసారి మళ్లీ కొలవాలి. కాంట్రాక్టు పత్రంలో ‘టీఎన్‌టీ తగ్గింపు’ అని మాత్రమే రాసి ఉంటే, అక్కడే అభ్యంతరం చెప్పండి. సరుకు ఎటు పోయిందో చెప్పలేని శుద్ధికి డబ్బు ఇవ్వకూడదు.

ఆ మట్టిలో కూరగాయలు పండించుకోవచ్చా?

నేనైతే వద్దంటాను. చెట్లు పెంచండి, గడ్డి పరచండి, తోట వేయండి. తినే పంటకు వేరే నేల చూసుకోవాలి.

ఎవరి అనుమతులు కావాలి?

పేలుడు పదార్థం ఉన్నంతవరకు 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం, 2008 నియమాలు వర్తిస్తాయి; వాటిని చూసే కేంద్ర సంస్థ ప్రధాన కార్యాలయం నాగపూర్‌లో ఉంది. తవ్విన మట్టి ప్రమాదకర వ్యర్థం కిందికి వస్తే 2016 నియమాలు, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అనుమతి. కలుషిత స్థలాల కోసమే కేంద్రం 2025 జులైలో విడిగా నియమాలు తెచ్చింది. పాడుచేసినవారే శుద్ధి ఖర్చు భరించాలన్నది అందులో మూల సూత్రం.

మేం డిగ్రీ విద్యార్థులం. దీని మీద ప్రాజెక్టు చేయవచ్చా?

అసలు పేలుడు పదార్థాలతో చేయకూడదు, లైసెన్సు లేకుండా దగ్గర ఉంచుకోవడమే నేరం. అదే పాఠాన్ని నైట్రేట్‌తో నేర్చుకోవచ్చు. మా విద్యార్థులు చేసేది ఇది. సీసాలో గుప్పెడు తోట మట్టి, పొటాషియం నైట్రేట్ చిటికెడు కలిపిన నీళ్లు, చెంచా బెల్లం. వాయువు బయటికి పోయేలా మూత వదులుగా పెట్టాలి. రోజూ చేపల తొట్టి దుకాణంలో దొరికే నైట్రేట్, నైట్రైట్ పరీక్ష పట్టీలు ముంచి రంగు రాసుకోవాలి.

ఒక ఏడాది రెండో రోజున పట్టీ మీది నైట్రేట్ గడి దాదాపు తెల్లబడగానే ఒక అమ్మాయి ‘అయిపోయింది మేడమ్’ అంటూ పట్టీ పట్టుకొచ్చింది. పక్క గడి చూడమన్నాను. నైట్రైట్ గడి ముదురు గులాబి రంగులో ఉంది. నైట్రేట్ కంటే విషపూరితమైనది సీసాలో అప్పుడే పుట్టి నిండుగా ఉంది. ఆ అమ్మాయి సీసాను తిరిగి అరలో పెట్టి, నోటుబుక్కులో ‘అయిపోయింది’ అని రాసింది కొట్టేసి, పక్కనే రెండు అంకెలూ రాసుకుంది. మట్టిలోంచి సన్నని బుడగలు మరో మూడు రోజులు వచ్చాయి. ఐదో రోజుకు రెండు గడులూ తెల్లబడ్డాయి.